‘బి’ అక్షరం కింద

గత నెలలో మా వీధి చివరనున్న పాత మిద్దెను కూల్చడానికి జేసీబీ వచ్చింది. ఆ యంత్రం వచ్చిందంటే పూట గడిచేలోగా మట్టికుప్ప తప్ప మరేమీ మిగలదని ఎరిగినవాణ్ణి గనుక, దుమ్ము లోపలికి రాకుండా కిటికీ మూయబోయాను. మూయబోయిన చెయ్యి అట్లే ఆగిపోయింది. యంత్రం నడిపే మనిషి ఇంజను ఆపి కిందికి దిగాడు. మిద్దె వాకిట నిలబడి, మడిచిన వేళ్ళ కణుపులతో ద్వారబంధాన్ని తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. మరికొంచెం పైన తట్టి మళ్ళీ విన్నాడు. లోపలున్న వారెవరో వచ్చి తలుపు తీస్తారన్నంత మర్యాదగా తట్టాడు. ఆ ఇంట్లో మనుషులు మసలి ఏళ్ళు గడిచాయి.

ఆ తట్టే తీరు నాకు తెలుసు.

బయటికి వెళ్ళి అడిగాను. "ఇది నీకెవరు నేర్పారప్పా?"

"భయం మేడం సార్," అన్నాడతడు, చెవి తీయకుండానే. "కంప్లి పక్క మా ఊర్లో క్లాసులు చెప్పినారు. దూలాలు బాగుండాయి సార్ ఈ ఇంట్లో. మిషను పెడితే ముక్కలైతాయి. మనుషుల్ని పెట్టి చేత్తో దించేది మేలని ఓనరుకు చెప్తా." మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా వంక చూశాడు. "మీకు తెలీదా సార్? ఆయమ్మ పోయింది. ఎండాకాలంలోనే. ఆస్పత్రిలో కూడా మంచం నడుమ వద్దు, వాకిలి పక్కన వెయ్యండి అన్నారంట." అతడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఇంటికి తిరిగి వచ్చి నడవలో నిలబడి పైకప్పు వంక చూశాను. ఇది ఆమె నాకు అంటించిపోయిన అలవాటు. ఏ ఇంటికి వెళ్ళినా, ఏ సభకు వెళ్ళినా మొదట పైకి చూస్తాను. పిమ్మట వాకిలి ఎటున్నదో చూస్తాను. ఆ తర్వాతనే పిలిచినవారికి నమస్కరిస్తాను. ప్రధానోపాధ్యాయుడిగా జీవితమంతా పిల్లలకు నిటారుగా నిలబడడం నేర్పినవాడికి ఈ బెదురుచూపు శోభించదు. అయినా మానలేను. మానడానికి ప్రయత్నించడం కూడా మానుకున్నాను.

ఆమెకు పేరు లేకపోలేదు. ఊరు పెట్టిన ‘భయం మేడం’ అన్న పేరే ఆమెకు అమరింది గనుక అసలు పేరు ఇక్కడ వ్రాయను. బళ్ళారిలో పాలిటెక్నిక్ విద్యార్థులకు భవన నిర్మాణం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత ఒక సేవాసంస్థ తరఫున మా సిరుగుప్ప ప్రాంతపు ఊళ్ళకు వచ్చేది. కూల్చిన ఇంటిలో కొత్త ఇల్లు దాగి ఉంటుందని, ఇటుకను, బండను, దూలాన్ని పారవేయకుండా మళ్ళీ నిలబెట్టవచ్చునని జనానికి నేర్పడం ఆమె పని. పొట్టి మనిషి. భుజాన ఖాకీ సంచి. అందులో చిన్న సుత్తి, నీళ్ళ సీసా, గుర్తులు పెట్టే ఎర్ర జాజు ముద్ద. పైనుండి ఏదో పడబోతున్నదన్నట్టు తల కొంచెం వంచి నడిచేది. వీధిలో పిట్టగోడల కిందుగా పోయేది కాదు. బస్సులో మెట్ల పక్క సీటు దొరకకపోతే నిలబడి ప్రయాణం చేసేది.

మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా భార్య నడుమగదిలో, ఫ్యాను కింద కుర్చీ వేసింది. ఆమె ఆ కుర్చీని గడప దాకా లాక్కుని వెళ్ళి అక్కడ కూర్చున్నది.

"అక్కడైతే వచ్చేపోయేవాళ్ళకు అడ్డం కదమ్మా," అన్నది నా భార్య.

"నేను యాడ కూర్చున్నా అడ్డమే లేమ్మా. మీ ఫ్యాను కొక్కెం ఎవరు బిగించినారు?"

ఎవరు బిగించారో మాకు గుర్తు లేదు. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కాని ఆ పూట నుండి నా భార్య ఆ ఫ్యాను కింద కూర్చోలేదు. మరుసటి వారం ఎలక్ట్రీషియనును పిలిపించి చూపించాను. కొక్కెం భేషుగ్గా ఉన్నదని అతడు చెప్పాడు. నా భార్య మాత్రం తన చాపను గోడ దగ్గరికే జరుపుకున్నది.

మా క్రైస్తవ సంఘపు ఆవరణలో, ప్రార్థనామందిరం పక్కన టార్పాలిను కట్టి ఆమె పాఠాలు చెప్పేది. సంఘస్థులతోపాటు వరి మళ్ళలో పనిచేసే ఇతర కులాల ఆడవాళ్ళు, మగవాళ్ళు వచ్చి కూర్చునేవారు. మొదటి దినం రెండు ఇటుక కట్టుబడి ముక్కలు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి పాత సున్నంతో కట్టినది, మరొకటి సిమెంటుతో కట్టినది. సుత్తితో మెల్లగా కొట్టగానే సున్నపుది విడిపోయి ఇటుకలు నిండుగా చేతికి వచ్చాయి. సిమెంటుది ఎంత కొట్టినా విడిపోలేదు. చివరికి ఇటుకే పగిలింది.

"సున్నం పట్టుకుంటాది, అడిగితే వదుల్తాది. సిమెంటు పట్టుకుంటే వదలదు. ఇటికెనూ చంపుతాది, అదీ చస్తాది," అన్నది ఆమె. "కట్టేటప్పుడే విప్పేది ఎట్లని ఆలోచన చెయ్యండి. సరే, ఇప్పుడు మొదటి పాఠం. ముందు భయపడండి. ఆమేలే ముట్టుకోండి."

ముందు వరుసలో కూర్చున్న మాణిక్యమ్మ, మా సంఘంలో అందరికంటే పెద్దది, అందరికంటే నోరు గలది, వెంటనే అందుకున్నది. "భయపడేదానికి క్లాసులు ఎందుకు మేడం? మా ఇండ్లల్లో మగోళ్ళు ఊరికే నేర్పుతారు."

ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. భయం మేడం నవ్వలేదు. "ఆ భయం బేడ అవ్వా. అది పారెయ్యి. ఇది వేరే భయం. ఇది దాచిపెట్టుకోవాల," అన్నది.

చావు జరిగిన ఇంటి దూలం మరో ఇంటికి ఎక్కించరాదన్న నమ్మకం మా వైపు బలంగా ఉన్నది. ఒక రైతు ఆ మాట అన్నాడు. విద్యావంతురాలు గనుక ఆమె దానిని మూఢనమ్మకమని కొట్టివేస్తుందని అనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆమె మాత్రం తల ఊపింది. "హౌదప్పా, ఆ భయం మంచిదే. దాన్ని స్వల్ప పక్కకు జరుపు. ఎవరు సచ్చినారని అడగొద్దు, దేనితో సచ్చినారని అడుగు. జరంతో సచ్చింటే దూలం తప్పేం ఉండాది? దూలం పడి సచ్చింటే వద్దు."

ఎవరైనా ఆమె కళ్ళెదుటే అట్లా చనిపోయారేమో, అందుకే ఇంత భయమేమోనని ఒకసారి అడిగాను. "ఎవరూ పోలేదు సార్," అన్నది. "పోయినాంక భయపడితే ఏం లాభం?"

ఇక ఆ బంగళా సంగతి చెప్పాలి. మిషను దొరలు కట్టించి వెళ్ళిన పాత బంగళా ఒకటి మా ఆవరణలో పాడుబడి ఉండేది. పిల్లల ఆదివారపు బడికి గది లేదు. బంగళాను యంత్రంతో పడగొట్టి, ఆ మట్టి కాలువ గట్టున పోసి, కొత్త గది కట్టిస్తానని ఒక కాంట్రాక్టరు ముందుకు వచ్చాడు. భయం మేడం బంగళా చుట్టూ తిరిగి, తట్టి, విని, దానిని చేతులతో దించితే పిల్లల గది మొత్తం దానిలోనుండే వస్తుందని చెప్పింది. పాస్టరుగారు ఒప్పుకున్నారు. సంఘ కార్యదర్శిగా నేను పనులకు వరుస ఏర్పరచాను. ఆ విప్పడమే ఊరికి బడి అయింది. ఆడవాళ్ళు సున్నం గీకి ఇటుకలు పేర్చారు. టేకు దూలాలు నీడకు చేరాయి. పైకప్పు నుండి దించిన పొడవాటి నల్లబండలు ఆవరణలో ఎండకు పరచుకున్నాయి.

ఆ బండలను పరీక్షించడం ఆమె ఇతరులకు వదలలేదు. ఒక్కొక్క బండను సుత్తితో తట్టేది. కంచులా మోగితే మెచ్చుకునేది. తర్వాత దానిమీద నీళ్ళు పోసి, గొంతుక్కూర్చుని, ఆరుతున్న బండను కన్నార్పకుండా చూసేది. "బండ ఆరుతాది సార్. బీట ఆరదు. తడి దాచుకుంటాది. నోడండి, అదిగో," అనేది. బండంతా తెల్లబడిన తర్వాత ఒక్కచోట వెంట్రుకంత సన్నని నల్లని గీత మిగిలేది. పొడి బండమీద ఎంత వెతికినా కనిపించని గీత అది. ఆ బండ కిందనే దొరలు తరతరాలుగా భోజనం చేశారు.

అట్లా బీట బయటపడిన బండలను గుర్తుపెట్టుకుని, సాయంత్రం మేమంతా పోయాక ఆమె వాటిమీద జాజుతో ఒకే అక్షరం వ్రాసింది. ‘బి’.

ఇక్కడనే జరిగింది పొరపాటు. ఇది మా తెలుగు-కన్నడ సరిహద్దులో తప్ప మరెక్కడా జరగదు. ఆమె ఇంట్లో మాట తెలుగు. చదివినదీ, చదువు చెప్పినదీ కన్నడం. నోటితో ‘బీట’ అనేది. చెయ్యి మాత్రం పాలిటెక్నిక్ నల్లబల్ల మీద ఏళ్ళ తరబడి వ్రాసిన మాటనే వ్రాసింది: ‘బిరుకు’. కన్నడంలో బిరుకు అంటే బీటయే. కన్నడపు ‘బి’కి, తెలుగు ‘బి’కి జాజుముద్దతో వ్రాసినప్పుడు భేదం ఉండదు. బండలు పైకెక్కించవలసిన మేస్త్రి హుసేనప్ప ఆదోని వైపునుండి వచ్చినవాడు. తెలుగు తప్ప చదవలేడు. అతని వృత్తిలో గట్టి బండను బిరుసు బండ అంటారు. ‘బి’ అంటే బిరుసు. నేనూ అట్లే చదివాను, పాస్టరుగారూ అట్లే చదివారు. సందేహం కలిగితే అడిగి ఉండేవాళ్ళం. సందేహమే కలగలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

కంప్లి వైపు ఊళ్ళకు పాఠాలు చెప్పడానికి బయలుదేరుతూ ఆమె హుసేనప్పతో అన్న మాట నేను విన్నాను. "‘బి’వి జాగ్రత్తప్పా. వాటిని వేరే పెట్టు."

"మీరు చెప్పల్నా మేడం? కండ్లల్లో పెట్టుకోని చూసుకుంటా," అన్నాడు హుసేనప్ప. అన్నట్టే చేశాడు. గదికి నడిమి భాగంలో దూలాల మధ్య ఎడం ఎక్కువ. అక్కడ మేలైన బండలు వెయ్యాలి. కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్న బండలను తెచ్చి, అక్షరం కిందికి కనిపించేలా, సరిగ్గా అక్కడ వేశాడు. బీటలు దాగకుండా ఉండాలని పైకప్పుకు వెల్ల వెయ్యవద్దని ఆమె ముందే చెప్పి ఉన్నది. అందువల్ల లోపల కూర్చున్నవారికి తలెత్తితే ఎర్రని ‘బి’లు వరుసగా కనిపించేవి. పాస్టరుగారికి అవి ముచ్చటగొలిపాయి. "బి అంటే బిడ్డలు. మన బిడ్డల నెత్తిమీద దేవుడు తన చేత్తో రాసిన అక్షరం," అని ఆయన పిల్లలకు చెప్పారు. పిల్లలు ఆ అక్షరాల కింద జంబుఖానా పరుచుకుని, కొత్త గది ప్రతిష్ఠకోసం బైబిలు వచనాలు వల్లించసాగారు. ఆ పైకప్పు మీద సున్నపు గచ్చు బరువు, దానిమీద తొలి వానల తడి.

ప్రతిష్ఠ దినాన ఆదివారం ఉదయం గది నిండిపోయింది. నడుమ పిల్లలు, వారి వెనుక స్త్రీలు, గోడలవెంట పురుషులు. డోలక్ మోగుతోంది. కార్యక్రమం నడిపించే బాధ్యత నాది. కంప్లి బస్సు ఆలస్యమై ఆమె నడుమలో వచ్చింది. వాకిట ఆగి, అలవాటు చొప్పున ద్వారబంధాన్ని తట్టింది. అది బంగళా తలుపుదే, మంచి టేకు. ఆ కర్ర మంచి జవాబే చెప్పి ఉండాలి, ఆమె ముఖం విచ్చుకున్నది. ఆ ముఖంతోనే పైకి చూసింది.

ఆమె ముఖం పాలిపోవడం నేను గది ఈ కొస నుండి చూశాను. కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. వీపుతో గోడను రాసుకుంటూ, కూర్చున్న మగవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా మణికట్టు పట్టుకున్నది. ఆ చెయ్యి బావి గిలకలా చల్లగా ఉన్నది.

"సార్, ‘బి’ బండలు పైకెట్లెక్కినాయి?"

"బిరుసు బండలు కదమ్మా. గట్టివని నడుమ వేశారు."

"బిరుసా?" ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. "బిరుసు కాదు సార్. బిరుకు."

ఈ జిల్లాలో పుట్టినవాడికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నేను పైకి చూడలేదు. చూస్తే అందరూ చూస్తారు. పిల్లలు వచనం చెబుతూనే ఉన్నారు. డోలక్ దెబ్బ ఒక్కొక్కటి నా పళ్ళలో అదిరింది.

"కేకెయ్యొద్దండి. కేకేస్తే పరిగెత్తుతారు. పరిగెత్తితే దూలాలు అదురుతాయి," అన్నది. "నా గొంతు వణుకుతాది సార్. మీ గొంతు కావాల. బడి గొంతు."

నేను లేచి నిలబడ్డాను. "డోలక్ ఆపు. అందరూ ఉన్నచోటనే ఉండండి. ప్రతిష్ఠ ప్రార్థన ఆరుబయట జరుగుతుంది. ముందుగా నడుమ కూర్చున్న పిల్లలు లేస్తారు. చేతులు కట్టుకుని, వరుసగా, మెల్లగా. ఎవరూ పరిగెత్తరాదు. ఎవరూ మాట్లాడరాదు."

పాస్టరుగారు నా వంక వింతగా చూశారు. "సార్, ప్రోగ్రాములో అట్ల లేదే?"

"ఇప్పుడు ఉంది," అన్నాను.

ఉద్యోగ జీవితంలో ఎన్నో వరుసలు నడిపించాను. అంత పొడవైన వరుసను ఎన్నడూ చూడలేదు. వాకిట చేరిన పిల్లలు ఆగి చెప్పులు వెతుక్కోసాగారు. వెనుక వరుస ఆ అక్షరాల కింద నిలిచిపోయింది. "చెప్పులు వదిలి నడవండి!" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. పైనుండి చిటికెడు సున్నపుపొడి ఒక పసిదాని తలమీద రాలింది. ఆ పొడి బీటలోనుండి రాలిందో, బల్లి కదిలి రాలిందో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్లలు పోయారు. స్త్రీలు పోయారు. పురుషులు గొణుగుతూ పోయారు.

మాణిక్యమ్మ కదలలేదు. జంబుఖానా నడుమ, సరిగ్గా అక్షరాల కింద, కాళ్ళు చాపుకుని కూర్చున్నది.

"నేను రాను. ఎండలో నిలబెట్టేదానికి పిల్చినారా? నా మోకాళ్ళు మీకిస్తా, మీరు లేవండి చూద్దాం. నాకు బిర్యానీ ఈడికే తెచ్చియ్యండి."

"మాణిక్యమ్మా, లేవాలి," అన్నాను వాకిట నుండి.

"నన్ను గద్దించొద్దు మేష్ట్రప్పా. నీ బడిలో నేను సదవలే."

కప్పు పడబోతోందని చెబితే ఆమె పెట్టే కేకకు బయటివాళ్ళందరూ మళ్ళీ లోపలికి దూసుకువస్తారు. చెప్పకపోతే లేవదు. అప్పుడు నా పక్కనున్న భయం మేడం, ఏ గదిలోనూ నడుమకు అడుగుపెట్టి ఎరుగని మనిషి, గోడను వదిలింది. నిద్రపోయే బిడ్డ పక్కన నడిచినట్టు నడిచి వెళ్ళి, మాణిక్యమ్మ పక్కన, ఆ అక్షరాల కింద కూర్చున్నది.

"అవ్వా, నాకు శానా భయమైతాండాది."

"నీకు ఎప్పుడు భయం కాదు గనక?"

"నిజంగా అవ్వా. కాళ్ళు రావట్లే. నన్ను బయటికి పిల్చుకోని పో."

మాణిక్యమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని చూసింది. "అయ్యో బిడ్డా, ఏంది ఇంత సల్లగ ఉండావు? లే. నేనుండా కదా," అంటూ ఒక చేత్తో నేలను, ఒక చేత్తో ఆమె భుజాన్ని ఊతగా పట్టుకుని లేచింది. ఆ ముసలి మోకాళ్ళ నడకతో వాళ్ళిద్దరూ వాకిలి చేరేదాకా నేను అడుగులు లెక్కపెట్టాను. మాణిక్యమ్మ దారి పొడవునా ఓదారుస్తూనే ఉన్నది: "నోడు, ఏం కాలే. ఏం కాలే."

ముసలమ్మను లేపడానికి ఆమె యుక్తి పన్నిందని అనుకున్నాను. గడప దాటి నా పక్కకు రాగానే భయం మేడం కింద కూలబడింది. అప్పుడు అర్థమైంది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం.

బండ పడలేదు. ఆ దినమంతా పడలేదు. వేపచెట్టు నీడన బిర్యానీ తింటూ జనం హాస్యాలాడారు. "పడలేదే మేడం!" అన్నాడొకడు.

"పడింటే బాగుండునా అప్పా?" అన్నది ఆమె. ఆమె విస్తరిలో అన్నం అట్లే ఉన్నది.

హుసేనప్పకు మాత్రం మండిపోయింది. సంఘం ముందర తన పనిని అనుమానించారని అతని బాధ. "బిరుసు బండలు మేడం! నా చేత్తో ఏరి ఎక్కించినా," అన్నాడు. కింద ఊతలు పెట్టి, పైన గచ్చు తీసి, మరుసటి దినం మధ్యాహ్నానికి ఆ బండలను అతడే దించాడు. ఆమె సీసాలోని నీళ్ళు మొదటి బండమీద పోసింది. ఊరంతా చుట్టూ నిలబడింది. బండ అంచుల నుండి ఆరుతూ వచ్చింది. బూడిదరంగు తెల్లనైంది. చివరకు ఈ అంచు నుండి ఆ అంచు దాకా ఒక్క నల్లని గీత నిలిచింది.

హుసేనప్ప వంగి, ఆ గీత మీద వేలితో తట్టాడు. మూగచప్పుడు వచ్చింది. అట్లే నేలమీద కూర్చుండిపోయాడు. "సదవడం రాక సచ్చేవాళ్ళను చూసినా మేడం," అన్నాడు. "మనం సదివి సచ్చేవాళ్ళం."

"నా తల మీద ఉండింది ఇదేనా?" అని మాణిక్యమ్మ అడిగింది.

"తప్పు నాది," అన్నది భయం మేడం అందరి ముందు. "నా నోరు తెలుగు, నా చెయ్యి కన్నడ. ఇంకొకసారి అక్షరం రాయను. మీరే చెప్పండి. ఏ గుర్తు చూస్తే మీకందరికీ భయమైతాది?"

ఎర్రగీత అన్నారొకరు, అది దేవుని బొట్టులా ఉంటుందన్నారు మరొకరు. ఉర్దూ మాట్లాడే బండివాళ్ళు అడ్డగుర్తు అన్నారు. పాస్టరుగారు అది సిలువ వంటిదని అభ్యంతరం చెప్పారు. హుసేనప్ప తలెత్తకుండానే అన్నాడు: "దిష్టిబొమ్మ ఎయ్యండి మేడం. కోరలు, నాలిక, గుడ్లు. దాన్ని చూసేదానికి సదువు అక్కర్లే."

"దేవుని మందిరపు ఆవరణలో దయ్యపు ముఖమా?" అన్నాను నేను. "నేను సమ్మతించను."

ఆమె నా వైపు తిరిగింది. "సరే సార్. మీ పిల్లోల్లు, ఈ కన్నడ వాళ్ళు, ఆ బండి వాళ్ళు, చదవడం రాని అవ్వ, అందరూ భయపడే గుర్తు ఇంకొకటి చెప్పండి. అదే ఏస్తాం."

నేనే మనిషిని పంపాను. తారు డబ్బా వచ్చింది. బీటపడిన బండలన్నిటిమీద ఆమె తన చేత్తో ముఖాలు గీసింది. చిత్రకళ ఆమెకు రాదు. అందువల్ల అవి మరింత భయంకరంగా వచ్చాయి. పిల్లలు మొదట ఏడ్చారు. తర్వాత వాటికి ‘మేడం’ అని పేరు పెట్టారు. ఆ మాట విన్నప్పుడే ఆమె నవ్వడం నేను చూశాను. "తలమీద పెట్టొద్దు, కాళ్ళ కింద పెట్టండి," అని ఆ బండలను బాటకు, బట్టలుతికే చోటుకు ఇచ్చివేసింది. మోగే బండలతో కప్పు మళ్ళీ వేశారు. పిల్లల గది క్షేమంగా ఉన్నది. పాఠానికి నమూనాగా ఒక్క బీటబండను మాత్రం, పాత సామాను పెట్టుకునే కొట్టం పక్కన నిలబెట్టి ఉంచింది. దగ్గరికి ఎవరూ పోరాదన్నది నిబంధన. తారు వెలిసినప్పుడల్లా ఆమె వచ్చి దిద్ది వెళ్ళేది.

జేసీబీ మనిషి మాట విన్న దినం సాయంత్రం, ఎందుకో కాళ్ళు ఆవరణ వైపు నడిచాయి. కొట్టం దగ్గరికి వెళ్ళాక గాని ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ ఏడు ఎవరూ దిద్దలేదు. ముఖం ఎండకు పెచ్చులూడి వానకు రాలిపోయింది. గుడ్లు లేవు, కోరల చోట మసకచారలు మిగిలాయి. అదొక మామూలు బండ. దానికి వీపు ఆనించి, ఎండుపుల్లల కట్ట పక్కన పెట్టుకుని, మాణిక్యమ్మ కునుకుతోంది. ఇప్పుడామెకు చూపు సరిగా ఆనదు. బండ కొంచెం ముందుకు ఒరిగి ఉన్నట్టు నాకు కనిపించింది.

బడి గొంతు నోటిదాకా వచ్చింది. మింగాను. మెల్లగా నడిచి వెళ్ళి ఆమె పక్కన వంగాను.

"మాణిక్యమ్మా, నాకు భయమైతాండాది," అన్నాను. బడిపిల్లల నోట వింటే దిద్దేవాణ్ణి, ఆ మాట నా నోట వచ్చింది. "నన్ను స్వల్ప అవతలికి పిల్చుకోని పో."

ఆమె కళ్ళు తెరిచి గొంతును బట్టి నన్ను పోల్చుకున్నది. "నీకూ అంటుకునిందా మేష్ట్రప్పా?" అంటూ చెయ్యి చాపింది. వేపచెట్టు దాకా నన్ను నడిపించింది. లేదా నేను ఆమెను నడిపించాను. అక్కడ కూర్చోబెట్టి భయం మేడం పోయిన సంగతి చెప్పాను. మాణిక్యమ్మ "ఆయమ్మకు వాకిలి పక్కన చోటిచ్చింటారా ఆ పైన?" అని అడిగింది. ఇచ్చి ఉంటారన్నాను.

మర్నాడు ఉదయం బజారుకు వెళ్ళి తారు తెచ్చాను. హుసేనప్పను పిలిపించి బండను వెనక్కి ఒరిగించి ఊత పెట్టించాను. ముఖం మాత్రం నేనే గీశాను. సంఘపు పెద్దను, దేవుని ఆవరణలో, పట్టపగలు. మాణిక్యమ్మ వేపచెట్టు కింద కూర్చుని, సరిగా చూపు ఆనని కళ్ళు ఇటు తిప్పి, అదిలించింది.

"మేడం కోరలు ఇంకా పెద్దగా ఎయ్యి మేష్ట్రప్పా. ఈడికి నాకు కనపడట్లే."

కుంచె మళ్ళీ తారులో ముంచాను.